ప్యానెల్ మీద ఆట సరే, ఆట ఆపాక ఏం చేస్తున్నారు?

ప్రశ్న: నమస్కారం సార్. నాది నెల్లూరు జిల్లా విడవలూరు మండలంలో ఒక జిల్లా పరిషత్ హైస్కూలు. లెక్కలు చెబుతాను. ఎనిమిదో తరగతిలో 46 మంది. నేను బోర్డు వైపు తిరిగితే చాలు, వెనక బెంచీల్లో ఫ్రీ ఫైర్ అనే ఫోన్‌లో ఆడే తుపాకుల ఆట కబుర్లు మొదలు. ఇంటికెళ్తే రాత్రి పదకొండు దాకా నాన్న ఫోన్‌లో అదే పని. అంత ఇష్టం ఉన్నప్పుడు ఆటలతోనే లెక్కలు చెబితే ఎట్లా ఉంటుందా అనిపించింది. క్లాసులో తాకితే పనిచేసే పెద్ద తెర, ప్యానెల్ ఉంది, పాత కంప్యూటర్ గదిలో ఆరు సిస్టమ్‌లు పనిచేస్తున్నాయి. ఒకరోజు ప్యానెల్ మీద లెక్కల గేమ్ పెట్టాను. పిలకాయలు "ఇంకోతూరి మేడం, ఇంకోతూరి" అని ఎగబడ్డారు. నాకూ సంతోషమేసింది. మర్నాడు అదే లెక్క బోర్డు మీద ఇస్తే నలుగురే చేశారు. హెచ్.ఎం. గారు "బడికొచ్చేది చదువుకోడానికా, గేములాడుకోడానికా" అన్నారు. ఒక పిల్లవాడి నాన్న గేటు దగ్గర ఆపి "ఇంట్లో మాన్పించలేక మేం చస్తుంటే బళ్లో మీరు నేర్పిస్తారా" అని అడిగాడు. నేను తప్పు చేస్తున్నానా? చేయాలంటే ఎట్లా చేయాలి? పేరు వేయొద్దు సార్, ఊరు చిన్నది.

జవాబు:

అమ్మా,

మీ ఉత్తరంలో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. "మర్నాడు అదే లెక్క బోర్డు మీద ఇస్తే నలుగురే చేశారు." ఈ మాట సాధారణంగా ఎవరూ రాయరు. పిల్లలు చేతులెత్తి అరుస్తున్న ఫోటో తీసి టీచర్ల గ్రూపులో పెడతారు, చప్పట్ల బొమ్మలు వరసగా వచ్చి పడతాయి, అక్కడితో సరి. మీరు మర్నాడు కూడా చూశారు. 46 మందిలో నలుగురని లెక్కపెట్టారు. మీ ప్రశ్నకు జవాబు ఆ నలుగురి దగ్గరే ఉంది. హెచ్.ఎం. గారి మాట, గేటు దగ్గర ఆ నాన్న మాట తర్వాత చూద్దాం.

ఆట పెట్టడం తప్పు కాదు. ఆట అయిపోగానే పాఠం కూడా అయిపోయిందనుకోవడమే పొరపాటు. ఆ పొరపాటు నేనూ చేశాను కాబట్టి ఇంత ధైర్యంగా చెబుతున్నాను.

2010 ప్రాంతంలో ఒంగోలు దగ్గర ఒక హైస్కూల్లో ఉండేవాణ్ణి. కంప్యూటర్లు వచ్చాయి, వాటితో ఏం చేయాలో ఎవరికీ పెద్దగా తెలియదు. ఎవరో టక్స్ మ్యాథ్ అనే ఆట సీడీలో తెచ్చి ఇచ్చారు. ఇప్పటికీ ఉచితంగానే దొరుకుతుంది. ఆకాశంలోంచి తోకచుక్కల్లాగా లెక్కలు కిందికి పడుతుంటాయి. అవి వచ్చి పడేలోగా జవాబు టైపు చేస్తే పేలిపోతాయి. పిల్లలకు పండగే. ఎనిమిదో తరగతి పిల్లవాడొకడు రోజూ అందరికంటే పైన ఉండేవాడు. వాడి స్కోరు గోడ మీద చాక్‌పీసుతో రాసి పెట్టేవాళ్లు. నేనూ మురిసిపోయాను. నెల తర్వాత వాణ్ణి బోర్డు దగ్గరికి పిలిచి 63లోంచి 28 తీసేయమన్నాను. నిలబడ్డాడు. చాక్‌పీసు చేతిలో తిప్పుతున్నాడు గానీ బోర్డు మీద పెట్టడం లేదు. సంగతేమిటని ఆరా తీస్తే, నెల రోజులూ ఒక అంకె కూడికల మెట్టు దగ్గరే ఆడుతున్నాడట. "పైకి పోలేదేంరా?" అంటే, "పైకి పోతే స్కోరు తగ్గిపోద్ది సార్" అన్నాడు.

వాడి తప్పేముంది? స్కోరు తేవడం ఆటలో వాడి పని, తెచ్చాడు. లెక్క నేర్పడం నా పని. అది కంప్యూటర్‌కి అప్పజెప్పి నేను పక్క గదిలో పేపర్లు దిద్దుకుంటూ కూర్చున్నాను. అయ్యవారేం చేస్తున్నారంటే చేసిన తప్పులు దిద్దుకుంటున్నారన్న సామెత నా కోసమే పుట్టిందనుకున్నాను ఆరోజు.

ఇది మనిద్దరి అనుభవమే అయితే వదిలేయొచ్చు. పెద్ద ఎత్తున చూసినవాళ్లకూ ఇదే కనబడింది. ఢిల్లీలో 214 బాలబడుల్లో సుమారు 1,540 మంది చిన్న పిల్లలతో లెక్కల ఆటలు ఆడించి చూశారు. 2017లో సైన్స్ పత్రికలో వచ్చింది. ఏది ఎక్కువ, ఏది తక్కువ, ఏ ఆకారం వేరుగా ఉంది అని కంటితో పోల్చే శక్తి ఆ పిల్లల్లో పెరిగింది. ఏడాది తర్వాత కూడా నిలిచింది. ఒకటో తరగతిలో అంకెలు వేసి చేసే లెక్కల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆట ఆడినవాళ్లకూ ఆడనివాళ్లకూ తేడా కనబడలేదు. ఆటలో నేర్చింది ఆటలోనే ఉండిపోయింది.

ఆ పరిశోధకుల్లో కొందరు, నోబెల్ వచ్చిన ఎస్తేర్ డుఫ్లోతో సహా, ఆమెతో పాటే నోబెల్ అందుకున్న అభిజిత్ బెనర్జీ తదితరులతో కలిసి 2025లో ఇంకో సంగతి బయటపెట్టారు. కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో కూరగాయలమ్మే పిల్లలు కిలో ఇంత, ఎనిమిది వందల గ్రాములకు ఎంత అంటే కాగితం కలం లేకుండా చెప్పేస్తారు. అదే స్థాయి లెక్కను పుస్తకంలో ఉన్నట్టు రాసిస్తే చాలామంది తడబడ్డారు. బళ్లో బాగా చదివే పిల్లల్ని తెచ్చి బజారు లెక్క అడిగితే వాళ్లూ తడబడ్డారు. ఇటు లెక్క ఇటే, అటు లెక్క అటే. మధ్యలో వంతెన లేదు.

మీ ఊరు తలుచుకోగానే నాకు ఇదే గుర్తొచ్చింది. మీ మండలంలో రొయ్యల గుంటలు ఉండని ఊరు తక్కువ. మీ క్లాసులో సగం మంది పిల్లలకు కౌంట్ అంటే ఏమిటో మీకంటే బాగా తెలిసుంటుంది. గుంటలో రొయ్యలు పట్టే రోజు, అంటే పట్టుబడి రోజు, "ఎంత కౌంట్ వచ్చింది?" అనే మాట వాళ్ల ఇళ్లలో పరీక్ష ఫలితాలంత టెన్షన్‌గా వినబడుతుంది. 100 కౌంట్ అంటే కిలోకి వంద రొయ్యలు, ఒక్కోటి 10 గ్రాములు. 50 కౌంట్ అంటే ఒక్కోటి 20 గ్రాములు. 40 కౌంట్ అయితే 25. కౌంట్ తగ్గితే రొయ్య పెద్దది, రేటు ఎక్కువ. ఒకటి పెరిగితే రెండోది అదే లెక్కన తగ్గడం, ఇది మీ ఎనిమిదో తరగతి పుస్తకంలో ఉన్న విలోమానుపాతమే. అదే పిల్లవాడికి "12 మంది కూలీలు ఒక పనిని 10 రోజుల్లో చేస్తే 15 మంది ఎన్ని రోజుల్లో చేస్తారు" అంటే 12.5 అని రాస్తాడు. మనుషులు పెరిగితే రోజులు కూడా పెరుగుతాయా అని ఒక్క క్షణం ఆగి చూసుకోడు.

కాబట్టి ఆట దేనికి పెట్టాలన్నది ముందు తేల్చుకోండి. పిల్లల్ని ఉత్సాహపరచడానికి మాత్రమే అయితే అక్కర్లేదు. నెదర్లాండ్స్‌లో కొందరు 2013లో 39 అధ్యయనాలను ఒకచోట పెట్టి చూశారు. ఆటలతో చదువు కాస్త మెరుగ్గానే వచ్చింది గానీ, మామూలు పాఠం కంటే ఉత్సాహం పెరిగిందని మాత్రం గట్టిగా తేలలేదు. మనందరం సరిగ్గా దీనికి తలకిందులుగా అనుకుంటాం కదా! ఇంకోటి, ఆటతో పాటు వేరే బోధన కూడా కలిపినప్పుడు, ఒక్కసారితో వదిలేయకుండా కొన్నిసార్లు ఆడించినప్పుడు, జట్లుగా ఆడినప్పుడు ఫలితం ఎక్కువ. మీరు పెట్టిన ఆటలో ఈ మూడూ లేవని నా అనుమానం. ఒక్కరోజు పెట్టారు, ఒకడు తాకుతుంటే 45 మంది అరిచారు, గంట కొట్టారు.

ఇక పని దగ్గరికి వద్దాం. విలోమానుపాతం పాఠమే తీసుకుందాం, మీకు ఎట్లాగూ వస్తుంది.

అమెరికాలో కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్లు ఫెట్ అనే పేరుతో లెక్కలకూ సైన్సుకూ చిన్న చిన్న బొమ్మల ప్రయోగాలు చేసి ఉచితంగా పెట్టారు. 2002లో మొదలుపెట్టినాయన కార్ల్ వీమన్, భౌతికశాస్త్రంలో నోబెల్ వచ్చిన మనిషి. కొన్ని తెలుగులోనూ ఉన్నాయి. వాటిని ఒకసారి దించుకుంటే నెట్ లేకుండానే నడుస్తాయి. ఇంటి దగ్గర పెన్‌డ్రైవ్‌లో వేసుకుని తెచ్చుకోండి, ముందు రోజు సాయంత్రమే ప్యానెల్‌కి గుచ్చి తెరుచుకుంటుందో లేదో చూసుకోండి. పిల్లలు కూర్చున్నాక ఫైలు వెతుక్కుంటూ పది నిమిషాలు పోగొట్టుకోవడం కంటే ఆ పీరియడ్‌లో ఎక్కాలు చెప్పుకోవడం మేలు.

అందులో బ్యాలెన్సింగ్ యాక్ట్ అని ఒకటుంది. పార్కులో అటొకరు ఇటొకరు కూర్చుని ఊగే బల్ల లాంటిది. దాని మీద 5, 10, 15, 20 కిలోల ఇటుకలు పెట్టొచ్చు. నాకు అందులో నచ్చింది ఒక్కటే. మనం ఇటుకలు పెడుతున్నంతసేపు బల్ల కింద ఆసరాలు ఉంటాయి, బల్ల కదలదు. మనం తీసేయమన్నప్పుడే ఆసరాలు పోతాయి. అప్పుడు గానీ బల్ల ఎటు వాలుతుందో తెలియదు. టీచరుకు దేవుడిచ్చిన వరం ఆ ఆసరాలు. ఎందుకంటే పాఠమంతా ఆసరా తీయడానికి ముందే జరగాలి.

ఎడమ వైపు 1 మీటరు దగ్గర 20 కిలోల ఇటుక పెట్టండి. "కుడి వైపు 10 కిలోల ఇటుక ఎక్కడ పెడితే బల్ల సమంగా నిలుస్తుంది?" అని అడిగి ప్యానెల్‌కి అడ్డంగా నిలబడండి. ఎవరూ లేవకూడదు, ఎవరూ చెప్పకూడదు. అందరూ నోటుబుక్కులో జవాబు రాయాలి, పక్కన "ఎందుకంటే" అని ఒక్క ముక్క కూడా రాయాలి. రాశాకే చేతులెత్తడం. అర మీటరన్నవాళ్లు ఎంతమంది, 1 మీటరన్నవాళ్లు ఎంతమంది, 2 మీటర్లన్నవాళ్లు ఎంతమంది, మూడు అంకెలూ బోర్డు మీద వేయండి. మొదటిసారి చాలామంది అర మీటరు వైపు పోతారు. "బరువు సగమైంది కదా, దూరమూ సగమే." సరిగ్గా ఇదే తప్పు కూలీల లెక్కలోనూ చేస్తారు. తొందరపడి దిద్దకండి. అర మీటరు అన్నవాళ్లలోంచే ఒకరిని పిలిచి ఇటుక అక్కడ పెట్టించండి. ఆసరా తీయించండి. బల్ల ఎడమ వైపు ధబ్బున వాలుతుంది. క్లాసు ఘొల్లుమంటుంది. ఆ నవ్వు మధ్యలో ఒక గొంతు "అట్టయితే దూరంగా పెట్టాల మేడం" అంటుంది. ఆ మాట మీరు చెప్పకూడదు. ఆ పిల్లే చెప్పాలి.

2 మీటర్ల దగ్గర నిలిచాక ఇంకొక్క ప్రశ్న. 10 కిలోలు తీసేసి 5 కిలోలు పెడితే ఎక్కడ? ఈసారి బల్ల చాలదు. చివరి గుర్తే 2 మీటర్లు. పిల్లలు కాసేపు కొట్టుకుని "బల్ల పొట్టిది మేడం" అంటారు. "ఎంత పొడుగుంటే సరిపోయేది?" అనండి. 4 మీటర్లు అని ఎవరో ఒకరు అంటారు. బల్ల మీద లేని గుర్తును వాడు చెప్పాడంటే బొమ్మను వదిలి లెక్కలోకి వచ్చేశాడన్నమాట. అప్పుడు ప్యానెల్ ఆపేయండి. "ఇంకోతూరి" అని గోల చేస్తారు, ఆపేయండి. పీరియడ్ 45 నిమిషాలైతే ఇక్కడికి 20 నిమిషాలకు మించకూడదు.

మిగిలిన సమయమే అసలు పాఠం. బోర్డు మీద బరువు, దూరం, రెంటి లబ్ధం, మూడు గళ్లు గీయండి. 20, 1, 20. 10, 2, 20. 5, 4, 20. దాని కిందే కౌంట్ గళ్లు: 100, 10, 1000. 50, 20, 1000. 40, 25, 1000. ఈ రెండో పట్టిక పిల్లలే చెప్పాలి, గుంటలున్న ఇంటి పిల్లలు ముందు. దాని కింద కూలీలు, రోజులు: 12, 10, 120. తర్వాతి వరసలో 15 వేసి గడి ఖాళీగా ఉంచండి. ఏమీ మాట్లాడకండి.

కావిడి ఎత్తిన మనిషిని చూసిన పిల్లలుంటే ఆ సంగతి కూడా అడగండి. ఒక తట్టలో బరువు ఎక్కువైతే భుజం ఎటు జరుపుతాడు? ఆయన ఏ బళ్లో నేర్చుకున్నాడు?

ఒక ప్యానెల్, 46 మంది అన్నారు. అది లోటు అనుకోకండి. బడిలో కంప్యూటర్ ఆట అనగానే ప్రపంచమంతా చెప్పుకునే ది ఒరెగాన్ ట్రయల్ కూడా ఇట్లాంటి కరువులోనే పుట్టింది. 1971లో అమెరికాలో మినియాపోలిస్‌లో డాన్ రావిట్ష్ అనే కుర్ర ఉపాధ్యాయుడు, ఇంకా పూర్తి టీచరు కూడా కాదు, మన బీఈడీ వాళ్లు టీచింగ్ ప్రాక్టీసుకి వచ్చినట్టు వచ్చినవాడు, ఎనిమిదో తరగతికే చరిత్ర పాఠం చెప్పాల్సి వచ్చింది. ఎద్దుబండ్ల మీద పడమటికి వలసపోయినవాళ్ల కథ. ఇద్దరు స్నేహితుల సాయంతో రెండు వారాల్లో ఆట తయారుచేశాడు. తెర కూడా లేదు, టెలీటైప్ అనే యంత్రం కాగితం మీద అచ్చు కొడుతూ పోయేది. ఎద్దులకు ఎంత డబ్బు, తిండికి ఎంత, తూటాలకు ఎంత అని ముందే తేల్చుకోవాలి. యంత్రం ఒక్కటే, చుట్టూ క్లాసు. ఎవరికి తోచింది వాళ్లు చెప్పి, వాదించుకుని, ఒకటి తేల్చుకుంటేగాని బండి కదలదు. ఆ వాదనలోనే చదువుంది. తలా ఒక ట్యాబ్ ఇచ్చి మూల కూర్చోబెడితే అది రాదు.

ప్యానెల్ దగ్గర ఒక సంగతి కనిపెట్టి ఉండండి. ఫోన్ అలవాటున్న నలుగురైదుగురు మగపిల్లలు ముందుకి దూసుకొస్తారు. వేలు వాళ్లదే, అరుపు వాళ్లదే. ఇంట్లో ఫోన్ చేతికి రాని పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, వెనకే ఉండిపోతారు. అందుకే ఆట మొదలుపెట్టిన వారం ప్యానెల్ తాకేది ఆడపిల్లలేనని చెప్పేయండి. గొణుగుతారు, గొణగనివ్వండి. మగపిల్లలు చెప్పాలి, ఆడపిల్లలు పెట్టాలి. నోటితో చెప్పాలంటే "అక్కడ కాదు, ఇంకొంచెం" అంటే కుదరదు, "ఒకటిన్నర మీటరు దగ్గర" అనాల్సి వస్తుంది. అట్లా లెక్కల భాష నోటికి అలవాటవుతుంది.

ఎవరు ఏం అనుకున్నారో ఒక్కసారే తెలియడానికి ప్లిక్కర్స్ అని ఒక పద్ధతి ఉంది. పిల్లలకు ఫోన్లు అక్కర్లేదు. తలా ఒక అచ్చు కార్డు, ఏ జవాబు అయితే ఆ వైపు పైకి తిప్పి పట్టుకుంటారు, టీచరు ఫోన్ కెమెరాతో క్లాసంతా ఒకసారి చూపిస్తే ఎవరు ఏం చెప్పారో వచ్చేస్తుంది. పక్కవాడి కార్డు చూసి కాపీ కొట్టడం కూడా కష్టం. అయితే 2023 ఆగస్టులో మన రాష్ట్రంలో బడుల్లో ఫోన్ల మీద ఆంక్షలు పెట్టారు. పిల్లల ఫోన్ల సంగతి సరేసరి, టీచర్లూ క్లాసులోకి తేకూడదన్నారు. హెచ్.ఎం. గారు రాతపూర్వకంగా సరేనంటే తప్ప దాని జోలికి పోవద్దు. ఇప్పటికే మీ మీద ఒక కన్ను ఉంది. నన్నడిగితే దానికంటే పలక నయం. మార్కాపురం పలకల మీద అక్షరాలు దిద్దినవాళ్లం మేము. అందరూ పలక మీద జవాబు రాసి, "ఎత్తండి" అనగానే ఒక్కసారి పైకెత్తితే 46 జవాబులూ రెండు క్షణాల్లో మీ కళ్లముందు. కరెంటు పోయినా పనిచేస్తుంది. ఇప్పుడు పలకలు లేకపోతే అట్టముక్కలు చాలు.

ఆ ఆరు కంప్యూటర్లు ఆటలాడించడానికి వద్దు. ఆటలు చేయించడానికి పెట్టుకోండి. అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయం వాళ్లు 2007లో తెచ్చిన స్క్రాచ్ ఉచితం, ఒకసారి ఎక్కిస్తే నెట్ అడగదు, రంగు దిమ్మెలు ఒకదానికొకటి అతికించినట్టు ప్రోగ్రామ్ రాయొచ్చు. అర్ధ సంవత్సర పరీక్షలు అయ్యాక ఒక పది మందితో మొదలుపెట్టండి. రొయ్యల గుంట ఆట తయారుచేయమనండి. రొయ్య పిల్ల వేసినప్పటి నుంచి పట్టుబడి దాకా. మేత ఖర్చు, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లకు కరెంటు, మధ్యలో తెల్లమచ్చ రోగం, తుపాను, కౌంట్ బట్టి రేటు. ముందు కంప్యూటర్ ముట్టుకోకుండా చార్టు మీద, పాచికలతో, వైకుంఠపాళి లాగా చేయించండి. నిచ్చెన ఎక్కడ, పాము ఎక్కడ అన్నది వాళ్ల ఇంట్లో పెద్దవాళ్లనడిగి తెచ్చుకోవాలి. "తుపాను వస్తే సగం పోవాలా, మొత్తం పోవాలా" అని కొట్టుకుంటారు చూడండి, అప్పుడు సంభావ్యత పాఠానికి వేరే పరిచయం అక్కర్లేదు.

వైకుంఠపాళి అనుకున్నాం కాబట్టి ఒక మాట. మీ బడి ఆవరణలోనే ప్రాథమిక తరగతులుంటే ఆ టీచరుకు ఇది చెప్పండి. 1 నుంచి 10 దాకా వరసగా అంకెలున్న పటం మీద పావులు కదిపే ఆటను నాలుగుసార్లు, పావుగంట చొప్పున ఆడిస్తే, పేద కుటుంబాల చిన్న పిల్లలకు అంకెల మీద పట్టు పెరిగిందని అమెరికాలో రమణి, సీగ్లర్ 2008లో చూపించారు. అంకెలు లేకుండా రంగులే ఉన్న పటంతో ఆడినవాళ్లకు పెరగలేదు. తర్వాత వంద గళ్ల పటంతో చేసినప్పుడు ఇంకో కిటుకు తేలింది. 34 మీద ఉన్న పిల్లకు 3 పడితే "ఒకటి, రెండు, మూడు" అని జరపకూడదు, "ముప్పై అయిదు, ముప్పై ఆరు, ముప్పై ఏడు" అంటూ జరపాలి. ఆట అదే, పటం అదే, నోట్లో మాట మారితే చదువు మారిపోయింది. మీరు ఆరో తరగతికి కూడా చెబుతుంటే, −20 నుంచి +20 దాకా పటం గీసి పూర్ణసంఖ్యలకు ఇట్లాగే ఆడించొచ్చు.

ఇప్పుడు హెచ్.ఎం. గారి సంగతి. ఆయనతో వాదనకు దిగకండి. లెసన్ ప్లాన్‌లో గేమ్ అని రాయకండి, "కృత్యం" అని రాయండి. ఇది మోసం కాదు, మన పుస్తకాలు వాడే మాటే అది. పక్కన మూడు గీతలు: ఏ భావన, ఎన్ని నిమిషాలు, మర్నాడు ఇచ్చే స్లిప్ టెస్ట్‌లో ప్రశ్న. ఆ స్లిప్ టెస్ట్ కాగితాలు తీసుకెళ్లి ఆయన టేబుల్ మీద పెట్టండి. ఆయన భయం ఆటంటే కాదు, సిలబస్ పూర్తికాకపోతే పై అధికారులకు సమాధానం చెప్పుకోవాల్సింది ఆయనే కదా. వారానికి ఒక పీరియడ్ మించదని మీరే ముందు చెప్పేస్తే సగం గొడవ పోతుంది. నిజంగానే మించనివ్వకండి. ప్రతి పాఠానికీ ఆట వెతకడం మొదలుపెడితే నేల విడిచి సాము అవుతుంది. కొన్ని పాఠాలకు చాక్‌పీసే సరైన పరికరం.

గేటు దగ్గర ఆపినాయన మాటలో న్యాయం ఉంది. గేమ్ అనగానే ఆయన కళ్లముందు కదిలేవి రెండు: రాత్రిళ్లు ఫోన్‌లో కాల్పులు, ఆన్‌లైన్ రమ్మీలో అప్పులపాలైన ఎవరో ఒక తెలిసినవాడు. రెండూ నిజమే. రమ్మీని మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధిస్తూ చట్టం చేసింది. అదే చట్టం చదువుకు పనికొచ్చే ఆటలను వేరే గాటన కట్టింది. ఫ్రీ ఫైర్‌ను కేంద్రం 2022 ఫిబ్రవరిలోనే నిషేధించింది. మీ పిల్లలు ఆడుతున్నది దాని తోబుట్టువు ఫ్రీ ఫైర్ మ్యాక్స్ అయ్యుంటుంది. ఇవన్నీ ఆయనకు గేటు దగ్గర ఉపన్యాసంలా చెప్పొద్దు. ఆయన్ను ఒకరోజు క్లాసుకి పిలవండి. గుంటల పని తెలిసిన మనిషైతే కౌంట్ ఎట్లా చూస్తారో పిల్లలకు ఆయన్నే చెప్పమనండి. తూకం వేసి, రొయ్యలు లెక్కపెట్టి, గ్రాముల్లోకి మార్చి. ఆ పీరియడ్‌లో ఇంటరాక్టివ్ ప్యానెల్ ఆయనే. తన కొడుకు ముందు పదిహేను నిమిషాలు అయ్యవారైన మనిషి మళ్లీ గేటు దగ్గర ఆపి తిట్టడని నేననుకుంటాను.

ఫ్రీ ఫైర్ మీద ఉన్న పిచ్చిని లెక్కల మీదికి మళ్లిద్దామన్న మీ మొదటి ఆలోచన ఒక్కటే నాకు నచ్చలేదు, చెప్పాలి కదా. తుపాకుల ఆటను క్లాసులోకి తెచ్చి "ఎన్ని కిల్స్, సగటెంత" అని లెక్కలు అల్లే టీచర్లను చూశాను. పిల్లలు మనం వాళ్ల దారికి వచ్చామని నవ్వుకుంటారు, అంతే. పైగా రాత్రి పదకొండు దాకా మేలుకున్న పిల్లవాడికి పొద్దున ఏ ఆట పెట్టినా బుర్రకెక్కదు. ఆ సంగతి తల్లిదండ్రుల సమావేశంలో వేరుగా, సూటిగా మాట్లాడండి. ఫోన్ రాత్రి తొమ్మిదికి అమ్మ దిండు కిందికి పోవాలని. ఆ పని ఏ ప్యానెల్లూ చేయలేవు.

ఇదే వారం బల్ల ఆట చేయండి. పట్టికలో 15 పక్కన గడి ఖాళీగా వదిలేసి రండి. మర్నాడు మొదటి పీరియడ్‌లో, బల్ల ఊసు, రొయ్యల ఊసు ఎత్తకుండా ఈ లెక్క ఇవ్వండి: "ఒక ట్యాంకును 6 పైపులు 80 నిమిషాల్లో నింపుతాయి. 5 పైపులైతే ఎంతసేపు పడుతుంది?" అయిదు నిమిషాలు చాలు. 96 అని ఎంతమంది రాశారో లెక్కపెట్టి నాకు రాయండి. నలుగురు ఇరవై మందయినా రాయండి, మళ్లీ నలుగురే అయినా రాయండి. తప్పు రాసినవాళ్లు ఏ అంకె రాశారో కూడా రాయండి, నాకు అదే ఎక్కువ కావాలి.